విశాఖ తీరం నుంచి శరత్కాలపు ఆకాశం: హవాయి నావికుల నక్షత్ర రేఖలతో

విశాఖపట్నం భూమధ్యరేఖకు ఉత్తరంగా దాదాపు 17.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. పసిఫిక్ మహాసముద్రం నడుమనున్న హవాయి దీవుల్లో పెద్దవన్నీ సుమారు 19 నుంచి 22 డిగ్రీల మధ్య ఉన్నాయి. ఈ రెండు చోట్లకూ మధ్య భూగోళంలో మూడో వంతు దూరమున్నా అక్షాంశాలు దగ్గరగా ఉన్నాయి. అందువల్ల ఏ నక్షత్రాలు నడినెత్తి మీదుగా సాగుతాయి, ఏవి దక్షిణాన సముద్రాన్ని ఆనుకుని కనిపిస్తాయి, ధ్రువుడు ఎంత ఎత్తున నిలుస్తాడు అనే విషయాల్లో రెండు ఆకాశాలకూ ఉన్న తేడా నాలుగైదు డిగ్రీలకు మించదు. హవాయి నావికులు శరత్కాలపు రాత్రులను చదివిన పద్ధతిని మన తీరంలో ఏ మార్పూ లేకుండా పాటించవచ్చని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొత్తగా ఆకాశం చూసేవారికి ఈ పద్ధతినే నేను మొదట సూచిస్తాను. మన ఇరవై ఏడు నక్షత్రాలు చంద్రుడు నడిచే దారి వెంట ఉంటాయి కాబట్టి తిథివారాల లెక్కకు అవి చక్కగా సరిపోతాయి గాని, ఉత్తర దక్షిణ అంచుల్లో ఉన్న ఆకాశం చాలావరకు వాటి పరిధిలోకి రాదు. పాశ్చాత్య రాశి చిత్రాల్లో మసక చుక్కలు ఎక్కువ కావడంతో నగర కాంతిలో వాటిని పోల్చుకోవడం కష్టం. హవాయి నక్షత్ర రేఖలు ఉత్తర దిగంతం నుంచి దక్షిణ దిగంతం దాకా ప్రకాశవంతమైన చుక్కలను ఒకే వరుసలో కలుపుతాయి. ఒక్క రేఖ పట్టుబడితే దిక్కులు కూడా తెలిసిపోతాయి.

ఈ విద్య మళ్లీ వెలుగులోకి వచ్చిన తీరు కొంత తెలుసుకోవాలి. 1976లో హోకూలెఅ అనే జంట దోనెల తెరచాప పడవ దిక్సూచి గాని మరే పరికరం గాని లేకుండా హవాయి నుంచి తాహితికి చేరింది. అప్పటికి హవాయిలో ఆ విద్య తెలిసిన నావికులు లేకపోవడంతో మైక్రోనేసియాలోని సతవల్ దీవికి చెందిన మావు పియాయిలుగ్ దారి చూపారు. 1980లో హవాయికే చెందిన నైనోవా థాంప్సన్ అదే ప్రయాణాన్ని రానూపోనూ నడిపారు. ఏడాది పొడుగునా కనిపించే ఆకాశాన్ని ఇప్పుడు అక్కడి నావికులు నాలుగు రేఖలుగా నేర్పుతున్నారు. వాటిలోని పేర్లన్నీ ఒకే కాలానివి కావు. కృత్తికలకు మకలిఇ, ధ్రువుడికి హోకూపఅ అనే పేర్లు పాతవి. హంస మండలంలోని డెనెబ్‌కు వాడే పిరఎతెఅ తాహితి నుంచి తెచ్చుకున్న పేరు. రేఖల కూర్పు ఇటీవలి నావికులది. ఈ పేర్లలో రెండు అచ్చులు పక్కపక్కన వచ్చిన కొన్ని చోట్ల మధ్యలో గొంతును లిప్తపాటు ఆపి పలకాలి.

ఎప్పుడు, ఎక్కడ

శరదృతువంటే ఆశ్వయుజ, కార్తీక మాసాలు. అయితే విశాఖలో అక్టోబరు బాగా వానలు పడే నెల, తుపానుల కాలం కూడా. 2014లో హుద్‌హుద్ నగరాన్ని తాకింది అక్టోబరు 12న. అందువల్ల ఆశ్వయుజంలో ఆకాశం విప్పారిన రాత్రి దొరికితే వదులుకోవద్దు గాని, అసలు ప్రణాళికను కార్తీకానికి పెట్టుకోవడం మంచిది. వాన వెలిసిన మర్నాటి రాత్రి గాలిలోని దుమ్ము కడుక్కుపోయి, దిగంతానికి దగ్గరి చుక్కలు కూడా తేటగా కనిపిస్తాయి. దీపావళి అమావాస్యనాడు వెన్నెల లేకపోయినా బాణసంచా పొగ రెండు మూడు రోజులు నగరం మీద నిలిచిపోతుంది కాబట్టి ఆ అమావాస్యను లెక్కలోంచి తీసివేసి, కార్తీక బహుళ పంచమి నుంచి మార్గశిర శుద్ధ చవితి వరకు ఉన్న రాత్రులను ఎంచుకోండి. బహుళ పంచమినాడు చంద్రోదయం రాత్రి తొమ్మిదిన్నర, పది గంటల ప్రాంతంలో అవుతుంది, తర్వాత రోజుకు ముప్పావు గంటకు పైగా ఆలస్యమవుతూ పోతుంది. గోడ మీది తెలుగు క్యాలెండర్ చాలు, వేరే పట్టిక అక్కరలేదు.

ఈ వ్యాసంలో ఇచ్చిన వేళలన్నీ నవంబరు మధ్య నాటివి. చుక్కలు రోజుకు సుమారు నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి కాబట్టి అక్టోబరు మధ్యలో చూసేవారు ఈ వేళలకు రెండు గంటలు కలుపుకోవాలి, డిసెంబరు మధ్యలో చూసేవారు రెండు గంటలు తీసివేయాలి. భారత ప్రామాణిక కాలాన్ని నిర్ణయించే 82.5 డిగ్రీల రేఖాంశం విశాఖకు కాస్త పడమరగానే వెళుతుంది. అందువల్ల మన గడియారానికీ ఆకాశానికీ తేడా మూడు నిమిషాల దాకా మాత్రమే ఉంటుంది.

విశాఖ తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలి ఉండడంతో తూర్పు, ఆగ్నేయం, దక్షిణం సముద్రం మీదే పడతాయి. నావికుల పద్ధతి నేర్చుకునేవారికి ఇంతకన్నా అనువైన తీరం ఉండదు. ఆర్కే బీచ్‌లో వీధి దీపాలు, నైరుతిన ఓడరేవు వెలుగు ఇబ్బంది పెడతాయి. అయినా దీపాలకు వీపు పెట్టి నీటి వైపు తిరిగి కూర్చుంటే ముఖ్యమైన చుక్కలన్నీ కనిపిస్తాయి. రుషికొండ దాటి భీమిలి దారిలో వెళ్లే కొద్దీ చీకటి చిక్కనవుతుంది. భీమిలి తీరం నుంచి ఉత్తరం వైపు కూడా కొంత తెరిపి ఉంటుంది కాబట్టి ధ్రువుణ్ని చూడదలచినవారు అక్కడికే వెళ్లాలి. యారాడ దగ్గర డాల్ఫిన్స్ నోస్ దీపస్తంభం కాంతి తిరుగుతూ ఉంటుంది. పైగా రాత్రివేళ కొండదారి నిర్మానుష్యంగా ఉంటుంది కనుక గుంపుగా తప్ప వెళ్లవద్దు. పాలపుంతను చూడాలనుకుంటే అరకు వైపు కొండలెక్కక తప్పదు. అక్కడ నవంబరులో తెల్లవారుజామున మంచు కమ్ముతుంది కాబట్టి చూడవలసినదంతా అర్ధరాత్రిలోపు చూసుకోవాలి. ఎక్కడికి వెళ్లినా ఇసుక మీద ఎండిన చోటనే కూర్చోండి, రాత్రివేళ నీళ్లలోకి దిగకండి.

ఇప్పుడు దుకాణాల రద్దీతో నిండిన డాబా గార్డెన్స్‌లో ఒకప్పుడు ఆకాశాన్ని పరిశీలించే వేధశాల ఉండేదని విశాఖవాసుల్లో చాలామందికి తెలియదు. గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో సొంత ఖర్చుతో దాన్ని నెలకొల్పారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని కొనసాగించి, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా సాగిన శుక్రుణ్ని పరిశీలించారు. ఈ నగరంలో ఆకాశం చూడడం కొత్తగా వచ్చిన అలవాటు కాదు.

సామగ్రి కొద్దిగానే కావాలి. పరుచుకోవడానికి చాప, దోమలకు పూసుకునే మందు, ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మడతలు చుట్టిన టార్చి సరిపోతాయి. కళ్లు చీకటికి అలవాటు పడడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోను తెర చూస్తే ఆ అలవాటు పోయి మళ్లీ మొదటికి వస్తుంది. ఫోనులో నక్షత్రాల యాప్ ఉన్నా దాన్ని ఇంటి దగ్గరే చూసుకుని రండి. బైనాక్యులర్ ఉంటే మంచిదే గాని మొదటి రాత్రి దాన్ని సంచిలోనే ఉంచండి. రేఖలు నేర్చుకోవడానికి కళ్లే కావాలి.

నడినెత్తిన గాలిపటం

రాత్రి ఎనిమిది గంటలకు తల ఉత్తరానికి, కాళ్లు దక్షిణానికి పెట్టి వెల్లకిలా పడుకోండి. ఇలా పడుకుంటే ఎడమచేతి వైపు తూర్పు, కుడిచేతి వైపు పడమర అవుతాయి. సరిగ్గా పైన నాలుగు మధ్యరకపు చుక్కలు పెద్ద చతురస్రంగా కనిపిస్తాయి. చేయి చాచి పిడికిలి బిగిస్తే అది దాదాపు 10 డిగ్రీల వెడల్పును కప్పుతుంది. ఈ చతురస్రం ఒక్కో భుజం పిడికిలిన్నర దాకా ఉంటుంది. నాలుగు చుక్కల మధ్య ఖాళీగా ఉన్నట్టు కనిపించడమే దీని గుర్తు. నగర కాంతిలో లోపల ఒక్క చుక్క కూడా కనిపించదు, భీమిలి చీకటిలో కళ్లు కుదురుకున్నాక కొన్ని మసక చుక్కలు తేలతాయి.

పాశ్చాత్యులకు ఇది పెగాసస్ గుర్రం దేహం. మన పంచాంగంలో పడమటి భుజం పూర్వాభాద్ర, తూర్పు భుజం ఉత్తరాభాద్ర. హవాయి నావికులకు ఇది గాలిపటం. రేఖ మొత్తానికీ క లుపె ఒ కవెలొ, అంటే కవెలొ గాలిపటం, అని పేరు. కవెలొ కౌఅఇ దీవి గాథల్లోని వీరుడు, ఐకనక అనే బంధువుతో గాలిపటాల పోటీ పడినవాడు. నాలుగు మూలల చుక్కలకు నాలుగు దీవుల ప్రసిద్ధ పాలకుల పేర్లు పెట్టారు: కౌఅఇకి మనొకలనిపో, ఒఅహుకు కాకుహిహెవ, మౌవికి పిఇలని, హవాయి పెద్ద దీవికి కెఅవె.

విశాఖ నడినెత్తి బిందువు ఈ చతురస్రం లోపలే పడుతుంది. దక్షిణపు రెండు చుక్కలైన మర్కబ్, ఆల్జెనిబ్ నడినెత్తికి రెండున్నర డిగ్రీలు దక్షిణంగా, ఉత్తరపు రెండు చుక్కలైన షియాట్, ఆల్ఫెరాట్జ్ పది పదకొండు డిగ్రీలు ఉత్తరంగా సాగిపోతాయి. హొనొలులులో కూడా నడినెత్తి బిందువు ఇదే గాలిపటం లోపల, మరికాస్త ఉత్తరంగా ఉంటుంది. చెన్నై నుంచి చూస్తే ఇది దక్షిణపు అంచుకు కాస్త బయటపడుతుంది, ఢిల్లీలో ఉత్తరపు అంచుకు చేరుకుంటుంది. కాబట్టి గాలిపటంలో ఏ భాగం నెత్తిమీద ఉందో చూసి మనం ఏ అక్షాంశం దగ్గర ఉన్నామో ఉజ్జాయింపుగా చెప్పవచ్చు. నడి సముద్రంలో నావికుడు చేసిన పని ఇదే.

ఇప్పుడు గాలిపటం భుజాలను పొడిగించాలి. తూర్పు భుజం మీద ఆల్జెనిబ్ నుంచి ఆల్ఫెరాట్జ్‌కు వెళ్లి, అదే దారిలో ఉత్తరానికి మూడు పిడికిళ్లు నడిస్తే శర్మిష్ఠ అని మనవాళ్లు పిలిచే కాసియోపియా మండలంలో కాఫ్ అనే చుక్క తగులుతుంది. అక్కడి నుంచి మళ్లీ అంతే దూరం, అంటే మరో మూడు పిడికిళ్లు, కొనసాగితే ధ్రువుడు. ఆకాశంలో ఇంత సమానమైన రెండు అంగలు అరుదు. శరత్కాలపు సాయంత్రాల్లో సప్తర్షులు దిగంతం కింద ఉంటారు కాబట్టి ధ్రువుణ్ని పట్టుకోవడానికి ఈ దారే నమ్మదగినది. కాసియోపియాలోని ఐదు చుక్కలను హవాయివారు ఇవకెలిఇ అని, రెక్కలు చాచి ఎగిరే పెద్ద సముద్రపక్షిగా చూశారు. రాత్రి తొమ్మిది దాటాక అది ధ్రువుడికి సరిగ్గా పైన ఉంటుంది. రెక్కల రెండు కొసలు కిందికి వంగి ఉండడం వల్ల, పక్షి అనే ఊహ మన అక్షాంశంలో చూసినప్పుడు చాలా సహజంగా తోస్తుంది.

పడమటి భుజాన్ని దక్షిణానికి పొడిగించండి. షియాట్ నుంచి మర్కబ్‌కు, అక్కడి నుంచి నాలుగున్నర పిడికిళ్లు కిందికి వస్తే ఒంటరిగా మెరుస్తున్న తెల్లని చుక్క కనిపిస్తుంది. అది ఫొమల్‌హౌట్. చుట్టుపక్కల దానికి సాటివచ్చే వెలుగు లేదు కాబట్టి పొరపాటుకు తావు తక్కువ. అయితే ఈ ప్రాంతానికి దగ్గరగానే గ్రహాల దారి సాగుతుంది. మినుకుమనకుండా నిలకడగా వెలిగేది కనిపిస్తే అది గ్రహమని తెలుసుకోండి. తూర్పు భుజాన్ని కూడా ఇలాగే కిందికి దింపితే కాస్త తూర్పుగా డిఫ్డా కనిపిస్తుంది. ఇంకా దక్షిణాన, రాత్రి పది గంటలకు సముద్రం మీద పిడికిలిన్నర ఎత్తున ఎకెర్నార్ నిలుస్తుంది. విశాఖలో ఆ చుక్క ఎప్పుడూ అంతకన్నా పైకి రాదు. హొనొలులులో పదకొండున్నర డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది.

పడమర వైపు దిగిపోతున్న పాత రేఖను కూడా ఒకసారి చూడండి. అభిజిత్తు, డెనెబ్, శ్రవణం కలిసి పెద్ద త్రికోణంగా ఏడు గంటల వేళ ఇంకా ఎత్తులోనే ఉంటాయి. హవాయివారికి అవి కెఓఎ, పిరఎతెఅ, హుము. మనాయకలని అనే ఆ రేఖలో వృశ్చికం కూడా ఉంది. వృశ్చికాన్ని వాళ్లు మావుయి అనే వీరుడి గాలంగా చూస్తారు. అది ఈ కాలంలో సూర్యుడి వెంటే అస్తమించిపోతుంది.

సముద్రంలోంచి లేచే కృత్తికలు

సరిగ్గా తూర్పు దిక్కు నుంచి ఎడమకు రెండున్నర పిడికిళ్ల దూరంలో, నవంబరు మూడో వారంలో సూర్యుడు అస్తమించే వేళకే కృత్తికలు ఉదయిస్తాయి. చీకటి పడ్డాక ఏడు గంటలకు చూస్తే చిన్న గుత్తిగా, తేరిపార చూసినప్పటికన్నా చూపును కాస్త పక్కకు నిలిపినప్పుడు ఎక్కువ స్పష్టంగా కనిపిస్తాయి. మామూలు కంటికి ఆరు చుక్కలు దొరుకుతాయి. బైనాక్యులర్‌ను ఇక్కడే మొదటిసారి పైకి తీయండి. డజన్ల కొద్దీ నీలి చుక్కలు ఒకే చట్రంలో కనిపిస్తాయి.

హవాయిలో మకలిఇ ఇలా సాయంసంధ్యలో ఉదయించడమే మకహికి కాలానికి గుర్తు. దాదాపు నాలుగు చాంద్రమాసాల పాటు యుద్ధాలు మాని, లొనొ అనే దేవుడి పేర పంటల పండుగ జరుపుకునే కాలం అది. మనకు పున్నమి చంద్రుడు కృత్తికల దగ్గర ఉండే నెల కార్తీకం. పున్నమి చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు కాబట్టి, చంద్రుడు కృత్తికల దగ్గర నిండడమన్నా, కృత్తికలు సూర్యాస్తమయ వేళ ఉదయించడమన్నా ఆకాశంలో జరిగే సంగతి ఒక్కటే. ఒకరికొకరు తెలియని రెండు సముద్రాల ప్రజలు ఒకే గుత్తిని చూసి ఒకే రుతువుకు దీపం వెలిగించారని తలచుకుంటే నాకు ఎంతో సంతోషం కలుగుతుంది. కార్తీక పౌర్ణమినాడు మాత్రం వెన్నెల వల్ల కృత్తికలను చూడడం కష్టం. చంద్రుడి స్థానాన్ని చూసి పెట్టుకుని, వారం తర్వాత అదే చోట వెతకండి.

కృత్తికల వెనుక ఆరున్నర దాటాక ఎర్రని రోహిణి వస్తుంది. దీన్ని హవాయివారు కపువహి అంటారు. అర్ధరాత్రి దాటి ఒంటిగంట ప్రాంతంలో ఇది మన నడినెత్తికి ఒక్క డిగ్రీ దూరంలో సాగిపోతుంది. ఎనిమిది గంటలకు తూర్పున సముద్రపు గీతనే చూస్తూ ఉండండి. మృగవ్యాధుడు గురిపెట్టిన మృగం నడుము దగ్గరి మూడు చుక్కలు ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చినట్టు పైకి వస్తాయి. హవాయిలో వీటికి నా కవొ అని పేరు. వీటిలో మొదట లేచే మింటకా దాదాపు ఖగోళ మధ్యరేఖ మీద, అంటే భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీత మీద, ఉంది. అందువల్ల అది భూమి మీద ఎక్కడి నుంచి చూసినా సరిగ్గా తూర్పున లేచి సరిగ్గా పడమట అస్తమిస్తుంది. అది లేచిన చోటును తీరంలోని ఏదైనా స్థిరమైన వస్తువుతో పోల్చి గుర్తుపెట్టుకోండి. ఆ తీరంలో ఇక మీకు దిక్సూచి అక్కరలేదు.

హవాయి నావికుల నక్షత్ర దిక్సూచి అంతా ఇలాంటి గుర్తుల మీదే నిలిచింది. దిగంతాన్ని 32 ఇళ్లుగా, ఒక్కొక్కటి 11.25 డిగ్రీల చొప్పున విభజిస్తారు. ఈశాన్య పాదాన్ని కొఒలవు అని, ఆగ్నేయ పాదాన్ని మలనయి అని పిలుస్తారు. మకలిఇ లేచేది కొఒలవులోని ఐన అనే ఇంట్లో. ఏ ఇంట్లో లేచిన చుక్క పడమట అదే పేరుగల ఇంట్లో అస్తమిస్తుంది కాబట్టి సగం నేర్చుకుంటే మిగతా సగం వచ్చినట్టే. మీ తీరానికి మీరే ఒక కాగితం మీద ఇలాంటి చక్రం గీసుకుని, లేచిన చుక్కలను ఇళ్లవారీగా రాసుకుంటే నెల తిరగకముందే ఆకాశం పట్టుబడుతుంది.

పదకొండు గంటలకు తర్వాతి రేఖ పూర్తిగా దిగంతం మీదికి వస్తుంది. కె క ఒ మకలిఇ అనే ఈ రేఖ పడవలో చేరిన నీటిని తోడిపోసే డొప్ప ఆకారంలో ఉత్తరం నుంచి దక్షిణానికి వంపు తిరిగి ఉంటుంది. బ్రహ్మహృదయం అక్కడ హోకూలెయి, పునర్వసు జంట నానాముఅ, నానాహొపె, ప్రోసియన్ పువన, మృగవ్యాధుడు అఆ. ఆగ్నేయాన సముద్రం మీదికి పదిన్నర దాటాక వచ్చే అగస్త్యుడికి ఇచ్చిన బిరుదు గొప్పది: కె అలిఇ ఒ కొన ఇ క లెవ, దక్షిణాకాశపు ఏలిక. అగస్త్యోదయంతో నీళ్లు తేరుకుంటాయని మన పెద్దలు చెప్పిన చుక్క ఇదే. విశాఖలో ఇది దాదాపు రెండు పిడికిళ్ల ఎత్తు దాకా వస్తుంది, ఢిల్లీలో పిడికిలి ఎత్తుకు కూడా చేరదు.

తెల్లవారుజామున

కార్తీక స్నానానికి చీకటితోనే సముద్రానికి వెళ్లే కుటుంబాలకు మరో అవకాశం ఉంది. నాలుగున్నర, ఐదు గంటల మధ్య ఈశాన్యాన సప్తర్షులు నిలువుగా లేచి ఉంటారు. హవాయిలో వారి పేరు నా హికు. వారి తోక వంపును అలాగే కిందికి కొనసాగిస్తే సముద్రానికి కొద్ది ఎత్తులో నారింజ రంగు స్వాతి కనిపిస్తుంది. అదే హోకూలెఅ, 1976 నాటి పడవకు పేరిచ్చిన నక్షత్రం. అది హవాయి పెద్ద దీవికి సరిగ్గా నడినెత్తిన సాగుతుంది, విశాఖకు ఒకటిన్నర డిగ్రీ ఉత్తరంగా వెళుతుంది. నవంబరు మధ్యలో తెల్లవారే ముందు దాన్ని చూడడానికి గంటకు కాస్త ఎక్కువ సమయమే దొరుకుతుంది. పదిహేను రోజులకు ఒక గంట చొప్పున ఉదయం ముందుకు జరుగుతుంది కాబట్టి డిసెంబరు మధ్య నాటికి రెండుంబావు ప్రాంతానికే లేవడం మొదలవుతుంది.